సిరాతో చామంతి: జపాన్ పండిత చిత్రకారుల పద్ధతి

పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో పట్టచిత్రాలు చూస్తూ పెరిగిన తెలుగువారికి బొమ్మను తేల్చి చూపేది నల్లని అంచురేఖ అని తెలుసు. జపాన్‌లో నాంగా అని పిలిచే పండిత చిత్రకళలో పూలను తరచు ఆ రేఖ లేకుండానే వేస్తారు. కుంచె ఒక్కసారి కాగితాన్ని తాకి లేస్తే అదే రేకు. విదేశయానం నిషిద్ధమైన 18వ శతాబ్దంలో ఇకె నో తైగా, యోసా బుసోన్ వంటివారు ఈ చైనా పద్ధతిని ముఖ్యంగా దిగుమతైన చిత్రాలనూ అచ్చు గ్రంథాలనూ చూసి అభ్యసించారు. వాటిలో ప్రసిద్ధమైన ‘ఆవగింజ తోట’ చిత్రకళా గ్రంథం 1701లో వెలువడిన భాగంలో ఆర్కిడ్, వెదురు, ప్లమ్‌లతో పాటు చామంతినీ నేర్పింది.

చామంతితో మొదలుపెట్టడమే మేలు, ఎందుకంటే కార్తీకం నుంచి మన పూల అంగళ్లలో అది ఎదురుగానే ఉంటుంది. పైగా 405లో ఉద్యోగం వదిలి ఇంటికి మరలిన చైనా కవి తావో యువాన్‌మింగ్ తూర్పు కంచె దగ్గర చామంతులు కోయడం గురించి రాసినప్పటి నుంచి ఆ పువ్వు పదవిని కోరని మనసుకు గుర్తైంది. కనుక పువ్వును నిండుగా అలంకరించకండి.

సిరా కడ్డీని రాతిపై నీటితో అరగదీయండి. దొరకకపోతే సీసా నల్లసిరా చాలు. నీటిని పీల్చుకునే పలుచని చేతికాగితం కింద పాతగుడ్డ పరవండి. మెత్తని కుంచెను పలుచని సిరాలో తడిపి, మొనను మాత్రం చిక్కని సిరాలో ముంచితే ఒకే వేటులో రెండు ఛాయలు వస్తాయి. నడిమి రేకులను చిన్నవిగా, ముదురుగా వేసి, బయటివాటిని పొడవుగా, లేతగా వేయండి. ప్రతి రేకునూ కొస దగ్గర మొదలుపెట్టి లోపలికి లాగాలి; అన్నీ తొడిమ వైపే తిరగకపోతే పువ్వు విడిపోయినట్లు కనిపిస్తుంది.

నా దృష్టిలో చిత్రాన్ని నిలబెట్టేవి ఆకులే. కుంచెను పక్కకు వాల్చి, ఐదు వేట్లతో ఐదు తమ్మెల ఆకు వేయండి. అది పూర్తిగా ఆరకముందే చిక్కని సిరాతో ఈనెలు గీస్తే అవి అంచుల్లో కొద్దిగా కరిగి ఆకులో కలిసిపోతాయి. కొన్ని ఆకులు ముదురుగా, కొన్ని లేతగా ఉండాలి. ఒకసారి వేసిన వేటును దిద్దకండి, దిద్దితే సిరా మడ్డిగా మారుతుంది.

ఖాళీ వదిలిన వైపున పద్యపాదం ఒకటి తెలుగులోనే రాసి, కింద చిన్న ఎర్ర ముద్ర వేయండి. పూర్తిగా ఆరాక ముడతలు పోవడానికి వెనుక పలుచని మైదా జిగురుతో మరో కాగితం అతికించాలి.