సినిమా రాప్టర్‌ను గీసి, ఎముకలతో సరిచూడటం

ఎ4 కాగితం అడ్డంగా పెట్టుకోండి. ఒక ట్రేసింగ్ పేపరు, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు ఉంటే చాలు. కాగితం మీద జురాసిక్ పార్క్ సినిమాలోని రాప్టర్, ట్రేసింగ్ పేపరు మీద అసలు జంతువు, అంటే వెలోసిరాప్టర్ అనే డైనోసార్. రెండూ ఒకే భంగిమలో ఉంటేనే తేడా కళ్లకు కడుతుంది.

24 సెం.మీ. గీత తేలిగ్గా గీసి, 3 సెం.మీ.కొకటి చొప్పున 8 భాగాలు చేయండి. ఒకటి తలకు, ఒకటి మెడకు, రెండు మొండేనికి, మిగతా నాలుగూ తోకకు. వెలోసిరాప్టర్ నిడివి సుమారు 2 మీటర్లు, తల 25 సెం.మీ. లోపు, ఆ లెక్క ఇది. సినిమా తలను మాత్రం కొంచెం పెంచి, మూతిని మొద్దుగా, ఎత్తుగా గీయాలి.

మొండెం, తోక కలిసే చోట తుంటి. ఎక్కువమంది తప్పేది కాలి దగ్గరే. వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, చీలమండ. మోకాలు ముందుకు, పొట్టను ఆనుకుని పైనే ఉంటుంది. పాదాలను తుంటికి సరిగ్గా కింద పెడితే బొమ్మ ముందుకు తూలుతుంది, కాస్త ముందుకు జరపండి. నేలను తాకేవి రెండు వేళ్లే. కొడవలి గోరున్న వేలు పైకి లేచి ఉంటుంది. ఈ గోరు విషయంలో సినిమావాళ్లను తప్పుపట్టడానికేమీ లేదు.

ఇప్పుడు ట్రేసింగ్ పేపరు పరిచి, మణికట్టుతో మొదలుపెట్టండి. సినిమాలో అరచేతులు నేలకేసి ఉంటాయి. ఆ ఎముకలు అలా తిరగవు. చప్పట్లు కొట్టబోతున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. మూతి సన్నగా, పైగీత మధ్యలో కొద్దిగా లోపలికి నొక్కుకున్నట్టు గీయండి. తోకను మొదట్లోనే పైకి లేపొచ్చు. తర్వాతి భాగం పొడవాటి ఎముక పుల్లలతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి, కొరడాలా పైకీ కిందకీ మెలితిప్పకూడదు.

ఇక ఈకలు. మంగోలియాలో దొరికిన వెలోసిరాప్టర్ ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలున్నాయని 2007లో ప్రచురించారు. కాబట్టి ఈకల్ని మోచేతి దగ్గర కుచ్చులా అతికించి వదిలేయకండి. ముంజేయి పొడవునా సాగి, చేతి రెండో వేలిదాకా రావాలి. లేకపోతే బట్టతొడుగులోంచి బల్లి చేయి బయటికొచ్చినట్టుంటుంది.

తప్పులన్నీ ఒక గాటన కట్టకండి. 1993 నాటి జురాసిక్ పార్క్ రాప్టర్ మనిషంత ఎత్తు. అసలుదాని తుంటి ఎత్తు అర మీటరు చుట్టుపక్కలే. అయినా పరిమాణం చిన్న తప్పే: పక్కన కొలతకు మనిషి బొమ్మ పెడితే తీరిపోతుంది. 3 మీటర్లు దాటిన డైనోనికస్ అనే దాని బంధువు డైనోసార్ ఉండనే ఉంది, సినిమా జంతువు దానికే దగ్గర. మణికట్టు అలా కాదు, ఏ పేరు పెట్టినా తప్పే. వెలోసిరాప్టర్ రంగుకు ఆధారమే లేదు. చారలైనా చుక్కలైనా మీ ఇష్టం, 2బీతో ఈకల వాలు వెంబడే వేయండి.