వీఆర్ ఆఫీసు గీసే ముందు మనిషిని కొలవండి

వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ కనిపించే కంప్యూటర్ లోకంలో) పని గది డిజైన్ చేయమంటే చాలామంది గోడలతో, బల్లలతో మొదలుపెడతారు. నేను స్కేలు పట్టుకుని కనుపాపల మధ్య దూరం కొలవడంతో మొదలుపెడతాను.

కారణం ఒక టెస్టింగ్ రోజు. మీటింగ్ గదిని చూస్తున్న ఒకావిడ మాటిమాటికీ వేలితో హెడ్‌సెట్‌ను చెంపల మీద నుంచి పైకి ఎత్తుకుంటున్నారు. "ఎలా ఉందండీ?" అంటే "బాగుందండీ" అన్నారు. తీశాక చూస్తే చెంపల మీద ఎర్రటి గీతలు. కొలిస్తే ఆవిడ కనుపాపల మధ్య దూరం 58 మిల్లీమీటర్లు. లెన్సులేమో అంతకుముందు వాడినవాళ్లు వదిలేసిన 68 దగ్గరే ఉన్నాయి. అక్షరాలు మసకగా కనబడుతుంటే తన చూపే బాగాలేదనుకున్నారట! మళ్లీ వచ్చినప్పుడు లెన్సులు జరిపి, వెనక పట్టీ సరిచేసి ఇచ్చాం. ఆవిడ చేతులు కదలకుండా బల్ల మీదే ఉన్నాయి.

పెద్దవాళ్లలో ఈ దూరం సగటున 63 ఉన్నా, మనిషికీ మనిషికీ చాలా తేడా ఉంటుంది. అందుకే లెన్సులు సర్దుకోమనే సూచన మొదటి స్క్రీన్ మీదే రావాలి, సెట్టింగ్స్‌లో దాచొద్దు. "బాగుందా" అని అడిగి వదిలేయకండి, చేతులు గమనించండి. 1993లో పరిశోధకుడు రాబర్ట్ ఎస్. కెన్నెడీ బృందం తెచ్చిన, వికారం, తలనొప్పి లాంటి 16 లక్షణాల ప్రశ్నావళి ఉంది. హెడ్‌సెట్ పెట్టే ముందొకసారి, తీశాక ఒకసారి నింపించండి.

ఇక వికారం. కళ్లు "కదులుతున్నాం" అంటాయి, లోపలి చెవి "కూర్చునే ఉన్నాం" అంటుంది. ఆ తగువే కడుపులో తిప్పుతుంది. కాబట్టి మనిషి కదలకుండా దృశ్యాన్ని కదపొద్దు. గదిలో మరోచోటికి వెళ్లాలంటే నడిపించకుండా ఒక్కసారిగా అక్కడ దించండి. తల తిప్పితే దృశ్యం 20 మిల్లీసెకన్లలోపే తిరగాలి. సెకనుకు 90 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేము (బొమ్మ) గీయడానికి కంప్యూటర్‌కు దొరికేది 11 మిల్లీసెకన్లే. సరిపోకపోతే నీడలు, మెరుపులు తీసేయండి, నాకైతే వాటి మీద జాలి లేదు.

చదవాల్సిన అక్షరాలను ముఖం ముందుకు తేవద్దు. చాలా హెడ్‌సెట్లలో లెన్సుల ఫోకస్ సుమారు ఒకటిన్నర, రెండు మీటర్ల దగ్గర స్థిరంగా ఉంటుంది. అంతకన్నా బాగా దగ్గరికి తెస్తే కళ్లు లోపలికి తిరగాలి, ఫోకస్ మాత్రం దూరంలోనే ఉండాలి. గంటల తరబడి పనిచేసేవాళ్లకు తలనొప్పి రావచ్చు. బటన్లు భుజం ఎత్తులో కాక, మోచేతులు ఒంటికి ఆనించుకున్నా అందేచోట పెట్టండి. కళ్లజోడు ఉన్నవాళ్లతో, ఎడమచేతివాటం వాళ్లతో, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లతో కూడా టెస్ట్ చేయించండి.

హెడ్‌సెట్ తీశాక కాసేపు కూర్చోనివ్వండి. కళ్లు తిరుగుతున్నాయంటే తగ్గేదాకా బండి నడపొద్దని చెప్పండి.