‘అంద్రేయ్ రుబ్లేవ్’ని నిద్రపోకుండా చూడాలంటే

మూడు గంటల నలుపు తెలుపు రష్యన్ సినిమా అనగానే మా తిరుపతి ఫ్రెండ్స్ మెల్లగా జారుకుంటారు. వాళ్లని కూర్చోబెట్టడానికి నా పద్ధతి ఇది.

ముందు నిడివి చూసుకోండి. దర్శకుడు తర్కోవ్‌స్కీ 1966లో పూర్తి చేసిన ఈ సినిమాకి 205 నిమిషాల కూర్పు ఉంది, 183 నిమిషాలదీ ఉంది. మొదటిసారికి చిన్నది చాలు. ఒకే రాత్రి ముగించాలన్న టెన్షన్ వద్దు, అధ్యాయాలుగానే ఉంటుంది కాబట్టి రెండు రాత్రులకు పంచుకోండి. దండయాత్ర అధ్యాయంలో హింస ఎక్కువ, పిల్లలు పడుకున్నాకే పెట్టండి.

కథ కోసం వెతకొద్దు. చర్చి చిత్రాలు వేసిన రుబ్లేవ్ అనే సన్యాసి జీవితమే అయినా, ఆయన కుంచె పట్టడం దాదాపు కనిపించదు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మా మేనమామకు ఇదే మింగుడుపడలేదు. "రంగు కలిపేదైనా చూపించలేదేంరా?" అన్నాడు.

చర్చి గంటను పోత పోసే అధ్యాయం మాత్రం ఫోన్ పక్కన పడేసి చూడాలి. తండ్రి తనకు పోత రహస్యం చెప్పాడని నమ్మబలికి బొరీస్కా అనే కుర్రాడు పని పుచ్చుకుంటాడు. సరైన బంకమన్ను కోసం తిరిగి తిరిగి, వానలో జారిపడ్డ చోట దాన్ని కనిపెడతాడు. ఆ తర్వాత మూస, బట్టీలు, కరిగిన లోహం. కరక్కాయ, పాలు కలిపి గుడ్డ నానబెట్టే మామయ్య అక్కడ నిటారుగా కూర్చున్నాడు.

ఆఖర్న తెర రంగుల్లోకి మారి రుబ్లేవ్ అసలు చిత్రాలు వస్తాయి. అయిపోయిందనుకుని లైటు వేసేవాళ్లుంటారు, ముందే చెప్పి ఉంచండి.