సుగ్గి పిల్లల రక్షణ: ఊళ్లో, పని చోట, రైల్వే స్టేషన్లో ఏం చేయాలి

వేరుశనగ, పత్తి పనులు ముగిశాక కర్నూలు జిల్లాలో కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లు ఖాళీ అవుతాయి. కొందరు గుంటూరు వైపు మిరప కోతలకు, కొందరు తెలంగాణ పత్తి చేలకు, ఇంకొందరు బెంగళూరు కట్టడం పనులకు పోతారు. అనంతపురం, కడప జిల్లాల మెట్ట మండలాల్లోనూ ఇదే తంతు. చాలా ఇళ్లకు ఉగాది దాకా తాళమే. సుగ్గి అని పిలిచే ఈ వలసలో అమ్మానాన్నల వెంట పోయే పిల్లలుంటారు, అవ్వ దగ్గర మిగిలే పిల్లలుంటారు, కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ చేతిలో పెట్టి పంపిన పిల్లలూ ఉంటారు. ముగ్గురి ఇబ్బందీ వేరు, ముగ్గురి విషయంలో చేయాల్సిన పనీ వేరు.

పిల్లల రక్షణ అనగానే పోలీసులతో వెళ్లి విడిపించుకు రావడమే చాలామందికి గుర్తొస్తుంది. సుగ్గి పిల్లల విషయంలో ఆ అవసరం అరుదు. కన్నవాళ్ల దగ్గరున్న బిడ్డను విడదీయడం ఆఖరి మార్గం, అదీ ప్రాణానికో ఒంటికో ముప్పు ఉన్నప్పుడే. బిడ్డ ఎక్కడుందో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి, బడితోనూ అంగన్‌వాడీతోనూ లింకు తెగకూడదు. మిగతా పనంతా ఈ రెండింటి మీదే నిలబడుతుంది. అంగన్‌వాడీ కార్యకర్తలు, టీచర్లు, సచివాలయ మహిళా పోలీసులు, స్వచ్ఛంద సంస్థల వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

బండి ఎక్కకముందు

దసరా దాటగానే ఇంటింటికీ తిరగాలి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేశాక ఎవరూ నోరు విప్పరు, బండి తెల్లవారుజామున వచ్చి పోతుంది. ఒక నోట్‌బుక్కులో కుటుంబానికి ఒక పేజీ చొప్పున కేటాయించండి. బిడ్డ పేరుతో పాటు ఇంట్లో పిలిచే పేరు, తల్లి పేరు, ఇంటిపేరు కూడా రాయాలి. ఈ మండలాల్లో ఈరన్నలు, నర్సింహులు, లక్ష్మిలు ఒకే వీధిలో నలుగురేసి ఉంటారు, తల్లి పేరు లేకపోతే రేపు ఏ లక్ష్మి కనపడలేదో తేల్చలేరు. ఆ తర్వాత వయసు, తరగతి, టీకాలు ఎంతవరకు పడ్డాయో రాసుకోవాలి.

పోయే చోటు దగ్గర చాలామంది “గుంటూరు” అని రాసి వదిలేస్తారు. అలా రాస్తే ఏమీ రాయనట్టే. మండలం, ఊరు, రైతు పేరు, మేస్త్రీ పేరు, అతని ఫోను, వీలైతే బండి నంబరు కావాలి. ఫోన్లు కనీసం రెండు తీసుకోండి. నాన్న ఫోనుకు రీచార్జి అయిపోయి రెండు వారాలు మూగబోవడం మామూలే, రెండో నంబరు ఊళ్లో ఉండిపోయే బంధువుదైతే మంచిది. ఐదేళ్లు దాటిన బిడ్డకు ఒక నంబరు నోటికి వచ్చేదాకా అప్పజెప్పించుకోండి. అంతకన్నా చిన్నవాళ్లకైతే చొక్కా అంచు లోపల గుడ్డముక్క మీద నంబరు రాసి కుట్టమని తల్లికి చెప్పండి.

కాగితాలు అసలువి పంపొద్దు. చేను గట్టు మీద వేసుకున్న గుడారంలో మొదటి వానకే తడిసిపోతాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, తల్లీబిడ్డ కార్డు, బడి పేరు, పెన్ నంబరు (బడి పిల్లలకిచ్చే శాశ్వత నంబరు) ఉన్న చీటీ, వీటన్నిటినీ ఫోనులో ఫోటో తీసి ఇద్దరు బంధువులకు పంపి ఉంచాలి. టీసీ ఇప్పటికిప్పుడు తీసుకోవాల్సిన పనిలేదు. కావాల్సినప్పుడు హెడ్‌మాస్టరు వెంటనే ఇవ్వాల్సిందేనని విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. పిల్లలు పది రోజులు రాలేదని పేరు కొట్టేస్తే మాత్రం ఊరుకోకండి. ఎనిమిదో తరగతి ముగిసేదాకా పేరు తీసేయడానికి ఆ చట్టం 16వ సెక్షన్ ఒప్పుకోదు.

పెద్దలు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. పేర్ల జాబితా ఆలస్యంగా పోతే, మంజూరు వచ్చేలోగా పిల్లలు బండెక్కేసి ఉంటారు. అందుకే పైన చెప్పిన నోట్‌బుక్కు నుంచే పేర్లు తీసి, హెడ్‌మాస్టరు సంతకంతో మండల విద్యాధికారికి ముందుగా చేర్చాలి. హాస్టల్ తెరిచాక పగలు చూసి వస్తే సరిపోదు, చీకటి పడ్డాక వెళ్లండి. రాత్రి పిల్లలతో ఆడమనిషి ఉంటోందా, మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ ఉందా, దారిలో లైటు వెలుగుతోందా చూడండి. ఆదివారం “మామను” అంటూ వచ్చిన మనిషి వెంట బిడ్డను పంపేటప్పుడు రిజిస్టరులో సంతకం, ఫోను తీసుకుంటున్నారా అన్నది మరీ ముఖ్యం. ఎవరెవరు తీసుకుపోవచ్చో తల్లి పోయేముందే చెప్పి, అదే రిజిస్టరులో రాయించాలి.

ఈ రోజుల్లోనే ఇంకో ముప్పు కూడా ఉంది. ఎదిగిన కూతుర్ని చేలగుడారాల్లో ఉంచలేం, ఊళ్లో వదిలి పోలేం అన్న భయంతో పద్నాలుగు, పదిహేనేళ్లకే పెళ్లి చేసేస్తారు. ఆ తల్లిని తిట్టి ప్రయోజనం లేదు, ఆమె భయం నిజమైనదే. కస్తూర్బా విద్యాలయంలోనో హాస్టల్లోనో సీటు చూపించగలిగితేనే మాట వింటుంది. ముహూర్తం దాకా వచ్చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద మేజిస్ట్రేటు ఆపుదల ఉత్తర్వు ఇవ్వగలరు, దాన్ని కాదని చేసిన పెళ్లి చెల్లదు.

పని చోట

వలస వచ్చిన కుటుంబం మీ ఊళ్లో దిగితే మొదటి వారంలోనే గుడారాల దగ్గరికి వెళ్లండి. సాయంత్రం పొయ్యి వెలిగించే వేళకు అందరూ దొరుకుతారు. ఆరేళ్లలోపు వాళ్లను దగ్గర్లోని అంగన్‌వాడీలో చేర్చాలి. వాళ్లు పరాయి ఊరివాళ్లని బాలామృతం, గుడ్లు ఆపకూడదు. అంగన్‌వాడీల పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరును ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చుకునే వీలుంది. సొంతూరి కార్యకర్త ఫోను దొరికితే పని తేలికవుతుంది. టీకాలు ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు. మీజిల్స్-రుబెల్లా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య పడాలి. సుగ్గిలో ఎక్కువగా తప్పిపోయేది ఇదే.

బడిలో “ఏడాది మధ్యలో చేర్చుకోం, టీసీ తేండి” అంటారు. అడ్మిషన్ ఎప్పుడైనా ఇవ్వాలి, టీసీ లేదనో వయసు రుజువు లేదనో కాదనకూడదు, వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. ఇవన్నీ విద్యాహక్కు చట్టంలో ఉన్నవే. హెడ్‌మాస్టరుతో గొడవ పెట్టుకునే కన్నా పిల్లల పేర్లతో రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవడం మేలు. కన్నడ, లంబాడీ, ఒడియా మాట్లాడే పిల్లలైతే మొదటి నెల మధ్యాహ్న భోజనం దాకా కూర్చుంటే చాలనుకోండి. చదువు దానంతట అదే వెనక వస్తుంది.

చేలల్లో పసిపిల్లలకు వచ్చే ముప్పు తలచుకుంటేనే గుండె దడదడలాడుతుంది. ఖాళీ పురుగుమందు డబ్బాలో నీళ్లు తాగడం, గట్టు లేని బావి, ట్రాక్టరు వెనక్కి తీసేటప్పుడు నీడలో పడుకున్న బిడ్డ, ఇలాంటివే ఎక్కువ. రైతుతో మాట్లాడి డబ్బాలు పగలగొట్టి పారేయించండి, ఉయ్యాల కట్టే చెట్టును బండ్లు తిరగని వైపు చూపించండి, ఒక పెద్దావిడకు కూలి ఇచ్చి పిల్లల్ని చూసుకోమనండి. పెద్ద కట్టడం పనుల్లో ఆరేళ్లలోపు పిల్లలకు గది, చూసుకునే మనిషి పెట్టాలని చట్టమే చెబుతోంది.

సీడు పత్తి చేలు

నంద్యాల, ఆళ్లగడ్డ, ఆదోని వైపు సీడు పత్తి క్రాసింగ్ పని, అంటే విత్తనం కోసం పత్తి పూలను చేత్తో కలిపే పని ఎక్కువ. మధ్యాహ్నం మూడు దాటాక మొగ్గ గిల్లి, మరుసటి రోజు పొద్దున్నే పుప్పొడి రుద్దాలి. చిన్న వేళ్లు, తక్కువ ఎత్తు, తక్కువ కూలి అన్న లెక్కతో పిల్లల్ని దించుతారు. అందుకే బడి అటెండెన్సు చూసేటప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మధ్యాహ్నం తర్వాతి తలలు లెక్కపెట్టండి. పొద్దున హాజరు వేయించుకుని అన్నం తిన్నాక మాయమయ్యే పిల్లలు ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, 14 నుంచి 18 మధ్య వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ తర్వాత శిక్ష 6 నెలల నుంచి రెండేళ్లు, లేదా 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ. మీరు సొంతంగా చేలోకి దిగి పిల్లల్ని తీసుకురాకండి. తెల్లారేసరికి మిగతా పిల్లల్ని వేరే చేనికి మార్చేస్తారు, మీ మీద కిడ్నాప్ కేసు పెట్టినా పెడతారు. చేను ఏ సర్వే నంబరులో ఉందో, ఏ వేళకు ఎంతమంది పిల్లలు కనిపిస్తారో, రైతు ఎవరో, కంపెనీకీ రైతుకీ మధ్య ఉండే సీడు ఆర్గనైజరు ఎవరో రాసుకుని కార్మిక శాఖకు, బాలకార్మికుల మీద ఫిర్యాదులు తీసుకునే పెన్సిల్ పోర్టల్‌కు, 1098కి ఇవ్వండి.

ఇంట్లోవాళ్లు అడ్వాన్సు తీసుకుని ఉంటే అది వెట్టి కిందికి వస్తుందా అని చూడాలి. బాకీ తీరేదాకా వేరే పనికి పోనివ్వకపోవడం, కూలి లెక్క చెప్పకపోవడం వెట్టికి గుర్తులు. 1976 చట్టం కింద ఆర్డీవో విడుదల ధ్రువపత్రం ఇస్తే ఆ బాకీ రద్దవుతుంది. వెంటనే 30 వేల దాకా సాయం అందుతుంది, పిల్లల విషయంలో పునరావాసం మొత్తం 2 లక్షల దాకా ఉంటుంది. ఆ ధ్రువపత్రం తీసుకోకుండా బిడ్డను ఇంటికి చేర్చేవాళ్లు చాలామంది. బాకీ అలాగే ఉంటుంది, నెల తిరక్కముందే బిడ్డ మళ్లీ చేలో ఉంటుంది.

ఒంటరిగా దొరికిన బిడ్డ

గుంతకల్లు జంక్షన్‌లో బళ్లారి వైపు, బెంగళూరు వైపు, హైదరాబాద్ వైపు రైళ్లు కలుస్తాయి. తప్పిపోయిన పిల్లలు, పారిపోయి వచ్చిన పిల్లలు అక్కడ దిగుతుంటారు. అలాంటి బిడ్డ కనిపిస్తే నలుగురికీ కనపడే చోట పక్కన కూర్చోండి, నీళ్లు, తినడానికి ఏదైనా ఇవ్వండి, రైల్వే రక్షణ దళమైన ఆర్పీఎఫ్‌కో రైల్వే పోలీసులకో 1098కో చెప్పండి. జాలిపడి ఇంటికి తీసుకుపోవద్దు. ప్రయాణానికి పట్టే వేళ మినహా 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరు పరచాలన్నది 2015 బాలల న్యాయ చట్టం పెట్టిన గడువు. కమిటీ ఆ రోజు కూర్చోకపోతే ఒక్క సభ్యుడి ముందైనా చూపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కదా, బిడ్డ దొరికిన చోటు ఏ కమిటీ పరిధిలోదో ఫోన్లోనే అడిగి తేల్చుకోండి. లేకపోతే అనంతపురం నుంచి పుట్టపర్తికి తిప్పుతారు, బిడ్డ అలసిపోతుంది.

ఫోటో తీసి “ఈ పాప ఎవరో తెలిస్తే చెప్పండి” అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మంచి మనసుతో చేసే పెద్ద కీడు. ఇంటి నుంచి కొట్టి తరిమినవాడూ ఆ ఫోటో చూస్తాడు, ఎత్తుకుపోవాలనుకునేవాడూ చూస్తాడు. బిడ్డ వివరాలు బయటపెడితే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా కూడా పడొచ్చు.

మాట్లాడేది ఒక్కరే ఉండాలి. మొదటి మాట “అన్నం తిన్నావా?” కావాలి. “ఎందుకు పారిపోయావ్?” అని అడిగితే తప్పు చేశానేమో అనుకుని నోరు మూసుకుంటుంది. ఊరి పేరు చెప్పలేకపోతే ఊళ్లో గుడి ఏది, సంత ఏ రోజు, బస్సు మీద ఏ పేరు రాసి ఉంటుంది, అవ్వ ఏ భాషలో తిడుతుంది అని అడిగి చూడండి. చెప్పింది చెప్పినట్టే, బిడ్డ మాటల్లోనే రాసుకోండి. “రేపు మీ అమ్మ దగ్గరికి పంపిస్తా” అని మాట ఇవ్వొద్దు. ఒంటి మీద చెయ్యి వేశారన్న సంగతి బయటపడితే ఆ మాటను తవ్వి తవ్వి అడగకండి. పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి, వాంగ్మూలం వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి.

కమిటీ ముందుకి, ఆ తర్వాత

హాజరు పరిచేటప్పుడు 17వ ఫారం నింపాలి. బిడ్డ ఎక్కడ, ఏ వేళకు, ఏ స్థితిలో దొరికిందో, ఏమేం వస్తువులున్నాయో అందులో ఉండాలి. వయసు మీద తగువొస్తే బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి పత్రం, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు, కాబట్టి ఆధార్‌లోని జనవరి 1 తేదీ చూసి ఎవరైనా వయసు తేల్చేస్తుంటే అభ్యంతరం చెప్పండి.

సామాజిక విచారణ నివేదిక 15 రోజుల్లో అందాలి. ఇంటికి పోయి చూసేటప్పుడు బాకీ ఎంత, తాగుడు ఉందా, ఇంట్లో ఇంకెవరున్నారు, బిడ్డ ఆ ఇంటికి పోవాలనుకుంటోందా అన్నవి తేల్చాలి. వేరే రాష్ట్రం బిడ్డయితే అక్కడి కమిటీకి రాయాలి. ఊరి పేరు ఒక్క అక్షరం తప్పు పడినా నెలలు గడిచిపోతాయి, అందుకే పంచాయతీ, పోలీస్ స్టేషన్, పిన్ కోడ్ మూడూ రాయండి.

ఇంటికి చేర్చాక మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టించండి. పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు, మిగతా చోట్ల 96 వేలు మించకూడదు. ఆదాయ ధ్రువపత్రం కోసం సచివాలయానికి తల్లిదండ్రులు రావాలి, వాళ్లేమో సుగ్గిలో ఉంటారు. కాబట్టి ఉగాదికి వచ్చి ఊళ్లో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా, బడి అడ్మిషన్ మూడూ ఒకే తిరుగుడులో ముగించాలి. జూన్‌లో బడి తెరిచిన రోజు నోట్‌బుక్కు తీసుకుని వెళ్లి పేజీ తర్వాత పేజీ పేర్లు సరిచూడండి. రాని పిల్లల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లి, తాళం కనిపిస్తే బంధువు నంబరుకు ఫోన్ చేయండి.