స్క్వాట్ లాబ్‌స్టర్ సీసా తెరిచే ముందు

బరంపురంలో మా ల్యాబుకు వచ్చే తెలుగు పిల్లల కోసం రాసిపెట్టిన జాగ్రత్తలు ఇవి.

- పేరు చూసి మోసపోకండి. స్క్వాట్ లాబ్‌స్టర్ అనే ఈ సముద్ర జీవి అసలు లాబ్‌స్టర్ కాదు, ఖాళీ గవ్వల్లో దూరి బతికే సన్యాసి పీతలకు (హెర్మిట్ క్రాబ్) దగ్గరి చుట్టం. తోక పొట్ట కిందికి మడిచి ఉంటుంది.

- కాళ్లు లెక్కపెట్టేటప్పుడు తొందర వద్దు. డెక్కలు ఒక జత, నడిచే కాళ్లు మూడు జతలు పైకి కనిపిస్తాయి. ఐదో జత పుల్లల్లా సన్నగా, డొప్ప కింద మొప్పల దగ్గర దాక్కుని ఉంటుంది. "రెండు కాళ్లు ఊడిపోయాయి సార్" అని ఒకమ్మాయి తెగ టెన్షన్ పడింది. డొప్ప అంచును సూదితో మెల్లగా ఎత్తితే, అక్కడే ఉన్నాయి!

- రంగు ఆల్కహాల్‌లో పాలిపోతుంది. తాజాగా ఉండగానే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి.

- డీఎన్ఏ కోసం కాస్త కండ ముందే తీసి 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఫార్మలిన్ తగలనివ్వద్దు.

- కాళ్లు ఇట్టే ఊడతాయి కాబట్టి సీసాకు ఒక్క నమూనానే. చీటీ సీసా లోపలే, పెన్సిల్‌తో రాసి వేయండి. పెన్ను సిరా కరిగిపోతుంది. తేదీ, అక్షాంశ రేఖాంశాలు, లోతు ఉండాలి. లోతు రాయని నమూనా నా లెక్కలో సగం దండగే.

- స్క్వాట్ లాబ్‌స్టర్లలో మునిడా, మునిడాప్సిస్ అని రెండు ప్రజాతులు (జీనస్‌లు) ఉన్నాయి. మునిడా అయితే నుదుట మూడు ముళ్లు. మునిడాప్సిస్‌లో కళ్లు క్షీణించి ఉంటాయి. విరిగిన ముల్లును "ముల్లు లేదు" అని రాయొద్దు.

- కొత్త జాతి అనుకుంటే, హోలోటైప్‌గా (ఆ జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనాగా) ఒక్కదాన్నే ఎంచి, అది ఏ మ్యూజియంలో ఉంటుందో రాయాలి. గోపాల్‌పూర్‌లో జూలాజికల్ సర్వే (జంతువులపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ) కేంద్రం ఉంది, ముందే వెళ్లి అడగండి.