ఆకాశంలో ఏది సొంత వెలుగు, ఏది అరువు వెలుగు? మేడ మీద నుంచి తేల్చుకోవడం ఎలా?

తిరుపతిలో రాత్రిపూట ఉత్తరానికి తిరిగితే ముందుగా కంటికి తగిలేవి నక్షత్రాలు కావు, ఘాట్ రోడ్డు దీపాలు, గాలిగోపురం దగ్గర వెలిగే తిరునామం. కాబట్టి మేడ ఎక్కగానే కొండకు వీపు పెట్టి నిలబడండి. స్వామికి వీపు చూపడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు గొణిగితే తూర్పుకు తిరిగి కూర్చున్నా సరిపోతుంది. మేడ మీది బల్బు ఆర్పి, ఫోను జేబులో పెట్టి, ఇరవై నిమిషాలు ఆగండి. కళ్లు చీకటికి అలవాటు పడాలి.

చంద్రుడితో మొదలుపెట్టడం సులువు. అమావాస్య వెళ్లిన విదియ, తదియ రోజుల్లో పొద్దుగూకాక పడమట నెలవంకను చూడండి. వెలిగే అంచు సూర్యుడు దిగిన వైపే ఉంటుంది. మిగిలిన గుండ్రం కూడా బూడిద రంగులో లీలగా కనిపిస్తుంది. భూమి మీద పడిన ఎండ చంద్రుడి దాకా వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ మన కంటికి చేరిందన్నమాట. అప్పు తెచ్చిన బియ్యాన్ని పొరుగింటికి అప్పిచ్చినట్టు! నిండు పున్నమినాడు వెండి పళ్లెంలా మెరిసినా, చంద్రుడు తన మీద పడిన వెలుగులో తిరిగి పంపేది సుమారు 12 శాతమే. పాతబడిన తారు రోడ్డుకూ దానికీ పెద్ద తేడా లేదు. మబ్బులతో కప్పి ఉన్న శుక్రుడు మాత్రం దాదాపు నాలుగింట మూడు వంతులు తిప్పికొడతాడు. వేగుచుక్క అంత ధగధగలాడడానికి అదొక కారణం.

ఇక చుక్కల సంగతి. మినుకుమంటే నక్షత్రం, నిలకడగా ఉంటే గ్రహం అని బడిలో చెబుతారు. నా లెక్కలో అది ఆనవాలే తప్ప సాక్ష్యం కాదు. నక్షత్రం ఎంతో దూరాన ఉండడం వల్ల ఒట్టి బిందువులా కనిపిస్తుంది, గాలి పొరల కదలికకు ఆ బిందువు వణుకుతుంది. గ్రహం చిన్న బిళ్ల కాబట్టి ఆ వణుకు అందులో కలిసిపోతుంది. అయితే దిగంతానికి దగ్గరగా గాలి దట్టం, అక్కడ శుక్రుడు కూడా మినుకుతాడు. చేయి చాచి పిడికిలి బిగిస్తే అది సుమారు 10 డిగ్రీలు. నేల అంచు నుంచి మూడు పిడికిళ్లకు పైన ఉన్నవాటినే ఇలా పరీక్షించండి. అనుమానం తీరకపోతే చుట్టుపక్కల చుక్కలతో కలిపి నోటుపుస్తకంలో బొమ్మ గీసుకుని, నెల తర్వాత పోల్చండి. జరిగితే గ్రహం.

గ్రహాలు సూర్యుడి వల్లే వెలుగుతాయని క్రీ.శ. 499 ప్రాంతంలోనే ఆర్యభటుడు రాశాడు. నక్షత్రాలను కూడా ఆ జాబితాలోనే వేశాడు, అక్కడ మాత్రం పొరబడ్డాడు.

అసలు సాక్ష్యం నీడ. అరువు వెలుగు నీడలోకి వెళితే ఆరిపోతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే పొద్దుగూకిన గంటా గంటన్నరలో ఉపగ్రహం కోసం కాచుకోండి. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు మిణుకుతూ పోయేది రేణిగుంట విమానం, దాన్ని వదిలేయండి. మిణుకు లేకుండా తిన్నగా జారిపోయే చుక్క ఉపగ్రహం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. మనకు చీకటి పడినా అక్కడ ఇంకా ఎండే. అది పడమట నుంచి వచ్చి, మబ్బు తునక కూడా లేని తూర్పు ఆకాశంలో కొన్ని క్షణాల్లోనే మసకబారి మాయమవుతుంది. భూమి నీడలోకి దూరిందన్నమాట. తూర్పున శ్రీహరికోట నుంచి రాత్రి రాకెట్టు లేస్తే ఇదే మేడ మీద నుంచి నిప్పుచుక్కలా కనిపిస్తుంది. ఆ మంట సొంతం. అది మోసుకెళ్లే ఉపగ్రహానికి మాత్రం సూర్యుడే దిక్కు.

ఇదే పరీక్షను చంద్రగ్రహణం పెద్ద ఎత్తున చేసి చూపిస్తుంది. గ్రహణం తేదీని తిరుపతిలో ఎవరూ మరిచిపోరు, ఆలయం తలుపులు మూసే వేళలు ముందే ప్రకటిస్తారు. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు పూర్తిగా నల్లబడకుండా రాగి రంగుకు తిరుగుతాడు. భూమి చుట్టూ ఉన్న గాలిలో వంగి వెళ్లిన ఎర్రటి వెలుగు అది, అదీ అరువే. చిన్న టెలిస్కోపు ఉంటే గురుడి ఉపగ్రహాలు గురుడి నీడలో మాయమవడం కూడా చూడవచ్చు. వాటిలో ఒకటైన అయో గ్రహణ వేళల తేడాలను బట్టే 1676లో డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త రోమర్ కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని చెప్పాడు. టెలిస్కోపును, బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పవద్దు.

కొన్ని మాత్రం రెండు పక్షాలకూ చెందుతాయి. ఉల్క మన గాలిలోకి దూసుకొచ్చి వేడెక్కి తనే వెలుగుతుంది, అంతకుముందు అదొక చీకటి రాయి. తోకచుక్క ధూళి తోక ఎండను తిప్పికొడుతుంది, నీలి వాయువుల తోక సూర్యకాంతికి ఉత్తేజితమై తన కాంతిని తానే విడుదల చేస్తుంది. కృత్తికల చుట్టూ ఫోటోల్లో కనిపించే నీలి పొగ, ఆ నక్షత్రాల వెలుగును చెదరగొట్టే ధూళి. ఓరియన్ అనే నక్షత్ర మండలాన్ని ఆకాశపు వేటగాడు అంటారు; ఆ వేటగాడి నడుముకున్న మూడు నక్షత్రాలకు దక్షిణాన, చలికాలం రాత్రుల్లో బైనాక్యులర్‌కు దొరికే మసక మచ్చ మాత్రం తనే వెలిగే వాయువు.