చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందా? తోమడం మాత్రం ఆపకండి

పన్ను పుచ్చితే రాత్రంతా కునుకు పట్టనివ్వదు. చిగుళ్ళ జబ్బు అలా కాదు, ఏళ్ళ తరబడి నొప్పి లేకుండానే తన పని తాను చేసుకుపోతుంది. అందుకే నొప్పిని కాక, ఈ కింది గుర్తులను చూసుకోవాలి.

సమస్య: ఉమ్మిన నురగలో ఎర్రటి చార

రక్తం కనబడగానే చాలామంది ఆ వైపు తోమడం మానేస్తారు. జబ్బుకు కావలసింది సరిగ్గా అదే.

కారణం పాచి. పన్నూ చిగురూ కలిసే అంచున గోటితో గీస్తే తెల్లగా, మెత్తగా వచ్చేది అదే. అందులోని బ్యాక్టీరియాతో పోరాడటానికి శరీరం అక్కడికి రక్తాన్ని ఎక్కువగా పంపుతుంది. చిగురు ఉబ్బి, తాకితే చాలు రక్తం చిమ్ముతుంది. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె (Harald Löe) అనే దంత పరిశోధకుడి బృందం 12 మంది చేత పళ్ళు తోమడం మాన్పించి చూసింది. మూడు వారాల్లోపే అందరి చిగుళ్ళూ వాచాయి. మళ్ళీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే వాపు తగ్గిపోయింది. అంటే ఈ దశలో జబ్బు పూర్తిగా వెనక్కు మళ్ళుతుంది.

మెత్తటి బ్రష్షు తీసుకుని, కుచ్చును చిగురు అంచు వైపు 45 డిగ్రీలు వంచి, చిన్న కదలికలతో రెండు నిమిషాలు తోమండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి. రాత్రి తోమే అలవాటు మనలో చాలామందికి లేదు. పళ్ళ సందుల్లోకి బ్రష్షు చేరదు కాబట్టి అక్కడ ఫ్లాస్ దారం గాని, సందుల్లో దూరే సన్న బ్రష్షు గాని వాడాలి. బొగ్గు, ఇటుక పొడి వద్దు, అవి పన్నునే అరగదీస్తాయి. రెండు వారాలు ఇలా చేసినా రక్తం ఆగకపోతే దంతవైద్యుని దగ్గరకు వెళ్ళండి.

సమస్య: ఎంత తోమినా పోని గార

లాలాజలంలోని ఖనిజాలతో పాచి గట్టిపడితే గార అవుతుంది. కింది ముందు పళ్ళ లోపలి వైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగులుతుంది. కొన్ని పెద్ద లాలాజల గ్రంథులు అక్కడే తెరుచుకుంటాయి మరి. గట్టిపడ్డాక ఏ పేస్టూ దాన్ని కదపలేదు, దంతవైద్యుని చేత పరికరంతో గీకించాలి, అంటే స్కేలింగ్ చేయించవలసిందే.

"క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయట" అనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. నిజానికి పన్నును పట్టి ఉంచే ఎముక జబ్బు వల్ల ముందే తరిగి ఉంటుంది. ఆ ఖాళీలో సిమెంటులా నిండిన గార తీసేయగానే సందులు బయటపడతాయి, అంతే. కొన్నాళ్ళు చల్లటి నీళ్ళకు జివ్వుమనడం మామూలే.

సమస్య: పళ్ళు పొడవుగా కనబడటం, కదలడం, చీము, దుర్వాసన

జబ్బు ఎముకను పట్టింది. డాక్టరు సన్నటి కొలత పుల్లను చిగురు కిందకు దించి లోతు చూస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు పరవాలేదు, 4 గాని అంతకు మించి గాని ఉంటే పన్నుకూ చిగురుకూ మధ్య సంచి ఏర్పడినట్టు. మత్తు ఇచ్చి చిగురు కింద శుభ్రం చేస్తారు. అప్పటికీ లోతు తగ్గకపోతే చిగురు తెరిచి చేసే ఫ్లాప్ సర్జరీ. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే లక్ష్యం. మందుల షాపులో కొన్న యాంటీబయాటిక్ గారను తీయలేదు.

సమస్య: రక్తం రాదు, పళ్ళు మాత్రం కదులుతున్నాయి

సిగరెట్, బీడీ తాగేవారిలో నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, తొలి హెచ్చరికనే దాచేస్తుంది. మానేశాక కొన్నాళ్ళు రక్తం రావచ్చు, భయపడకండి.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు త్వరగా పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్‌ను అదుపు చేయడం కష్టమవుతుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగుళ్ళు పెరుగుతాయి. మాత్ర మీరే ఆపేయకుండా, రాసిన డాక్టరుకు చెప్పండి. గర్భిణులకు హార్మోన్ల వల్ల వాపు ఎక్కువ, స్కేలింగ్ నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు.

ముఖం వాచి జ్వరం వస్తే అదే రోజు వెళ్ళండి. గుట్కా, ఖైనీ అలవాటున్నవారు నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే దాన్ని చిగుళ్ళ జబ్బు అనుకుని ఊరుకోవద్దు, వెంటనే చూపించుకోండి.